20 దేశాల ఆఫ్రికా బ్యాంకు గ్రూపు: పాత కోర్ మార్చడానికి ఏ వరసలో పోవాలి?

ఆత్మకూరు బస్టాండ్ (నెల్లూరు):

నమస్కారమండీ. ఒక పెద్ద ఆఫ్రికా బ్యాంకు గ్రూపు తన పాత వ్యవస్థలన్నీ మార్చుకుంటోంది. అందులో ఒక ముక్క నెల్లూరులోని మా టీముకు వచ్చింది. పేరు రాయను. అక్కడున్న సరంజామా ఇదీ.

20కి పైగా దేశాలు. సీఎఫ్ఏ ఫ్రాంకు వాడే పశ్చిమ దేశాలు, నైజీరియా, ఘనా, ఇటు కెన్యా, ఉగాండా, ర్వాండా, కింద జాంబియా. కోర్ బ్యాంకింగు సాఫ్ట్‌వేర్ (ఖాతాలు, బ్యాలెన్సులు, లావాదేవీలు నడిపే అసలు వ్యవస్థ) ఒకే కంపెనీది. కానీ ఏ దేశం వెర్షన్ ఆ దేశానిది, దాని మీద ఎవరికి తోచిన మార్పులు వాళ్ళు చేసుకున్నారు. కార్డు స్విచ్ (ఏటీఎం, కార్డు లావాదేవీలను కోర్‌కు చేర్చేది) మాత్రం అందరికీ కలిపి ఒకటే, ఒకే నగరంలో ఉంది. మొబైల్ యాప్, యూఎస్ఎస్‌డీ (ఇంటర్నెట్ లేకుండా ఫోన్లో కోడు కొట్టి వాడేది), ఏజెంట్ల పాస్ మెషీన్లు (కార్డు గీసేవి) మధ్యలో ఏమీ లేకుండా నేరుగా కోర్ డేటాబేసు టేబుళ్ళనే చదువుతున్నాయి. రెండు మూడు చిన్న దేశాల సర్వర్లు బ్రాంచి వెనక గదిలో ఉన్నాయి.

యాజమాన్యం ప్లాను: 18 నెలల్లో అన్ని దేశాలూ ఒకే కొత్త కోర్ మీదికి, ఒకే క్లౌడులోకి రావాలి. ముందు కోర్ మార్చేద్దాం, యాప్ సంగతి, స్విచ్ సంగతి తర్వాత చూసుకుందాం అంటున్నారు.

అడిగేవి మూడు. ఈ వరస సరైనదేనా? డేటా తరలింపులో ఆఫ్రికాకే ప్రత్యేకమైన చిక్కులు ఏమిటి? 'ఒకే క్లౌడు' అనేది అక్కడి లైన్ల మీద నిలబడుతుందా?

పెన్నా గట్టు:

మీ యాజమాన్యం చెప్పిన వరసను తిరగేయండి, సరైన వరస వస్తుంది. కోర్ చివర్న మారాలి.

ముందు ఆ డేటాబేసుకు ఎవరెవరు తగులుకున్నారో తేల్చండి. కనెక్షన్ లాగ్ 35 రోజులు పట్టండి. నెలాఖరున సిస్టమ్‌లో వాటంతటవే నడిచే పనులూ, నెల మొదటి వారంలో సెంట్రల్ బ్యాంకుకు పోయే రిపోర్టులూ రెండూ అందులో పడాలి కాబట్టి 30 చాలవు. మూడు నెలలకోసారి నడిచేవాటిని షెడ్యూలర్‌లోంచి విడిగా రాసుకోండి. ఒక్కో యూజర్ ఐడీకి మూడు గడులు: ఎవరిది, ఏ టేబుల్, చదువుతోందా రాస్తోందా. 'ఎవరిది' గడి ఖాళీగా మిగిలినవే తర్వాత కొంప ముంచుతాయి. వాటికి టెస్టు సర్వర్‌లో అనుమతి తీసేసి రెండు వారాలు ఆగండి, ఎక్కడినుంచి కేక వినపడుతుందో తెలుస్తుంది.

తర్వాత మధ్యలో ఒక ఏపీఐ పొర, అంటే టేబుళ్ళను నేరుగా ముట్టకుండా కోర్‌ను పని అడిగే ద్వారం. మొదటి విడతలో ఆరు పనులు చాలు: బ్యాలెన్సు, ఖాతాదారు పేరు చూడటం, డెబిట్, క్రెడిట్, రివర్సల్ (పడిన డెబిట్‌ను వెనక్కి తిప్పడం), మినీ స్టేట్‌మెంటు. యాప్, యూఎస్ఎస్‌డీ, ఏజెంటు మెషీను అడిగేవాటిలో ఎక్కువ భాగం ఇవే. ప్రతి లావాదేవీకీ రిఫరెన్సు నంబరు ఛానలే (యాప్, యూఎస్ఎస్‌డీ, ఏజెంటు మెషీనుల్లో అడిగినదే) పుట్టించాలి. అదే నంబరు రెండోసారి వస్తే ఆ పొర మళ్ళీ డెబిట్ చెయ్యకూడదు, మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగివ్వాలి. ఆఫ్రికాలో ఇది తప్పనిసరి, కారణం యూఎస్ఎస్‌డీ. ఒక తెరకు 182 అక్షరాలు, సెషన్ మొత్తానికి మహా అయితే మూడు నిమిషాలు. కోర్ జవాబు పది సెకన్లు ఆలస్యమైతే జనం లైను కట్ చేసి మళ్ళీ కొడతారు. మొదటి డెబిట్ అప్పటికే పడి ఉంటుంది, రెండోదీ పడుతుంది. ఫిర్యాదుల డెస్కు నిండేది వీటితోనే.

స్టేట్‌మెంట్లు, రిపోర్టుల భారం కోర్ మీదనుంచి దించి పక్కన ఒక నకలుకు మళ్ళించండి. కోర్‌లో పడ్డ ప్రతి మార్పునూ లాగ్ నుంచి చదివి కాఫ్కా (సందేశాలను వరసగా మోసే సాఫ్ట్‌వేర్) మీదుగా ఆ నకలుకు చేర్చే పరికరాలు ఉన్నాయి: గోల్డెన్‌గేట్, డెబీజియం. ఒక్క హద్దు మాత్రం దాటొద్దు. డబ్బు ఇవ్వాలా వద్దా అని తేల్చేటప్పుడు నకలులోని బ్యాలెన్సు చూడకూడదు. అది రెండు సెకన్లు వెనకబడినా చాలు, ఒకే బ్యాలెన్సు మీద రెండు చోట్ల డబ్బు తీస్తారు.

తాటిచెట్టు మీద మర్రి మొలిచి, చుట్టూ ఊడలు దించుకున్నాక లోపల తాడి ఎండిపోయినా పైకి తెలియదు చూడండి, పని అట్లా సాగాలి. ఛానళ్ళన్నీ మధ్య పొరను పట్టుకున్నాక అడుగున కోర్ మారినా యాప్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

ఇక దేశాల వరస. మొదటి దేశం మరీ చిన్నది వద్దు, అక్కడ ఏదీ పరీక్షకు రాదు. హెడ్డాఫీసు ఉన్న దేశమూ వద్దు. కార్డులు, స్థానిక క్లియరింగు (బ్యాంకుల మధ్య చెక్కులు, చెల్లింపుల పరిష్కారం), మొబైల్ మనీ మూడూ ఉండి ఖాతాలు తక్కువున్న దేశం ఎంచుకోండి. పశ్చిమ సీఎఫ్ఏ మండలంలో 8 దేశాలకూ ఒకటే సెంట్రల్ బ్యాంకు, ఒకటే కరెన్సీ. ఒక దేశానికి కట్టిన అచ్చు మిగతా ఏడింటికి చాలావరకు సరిపోతుంది. మొదటి గెలుపు అక్కడే చూసుకోండి, నైజీరియా జోలికి వెంటనే పోవద్దు.

18 నెలల సంగతి. మధ్య పొర, ప్రోడక్టుల ఏరివేత (అక్కర్లేని ఖాతా రకాలు తీసేయడం), మొదటి రెండు దేశాలు: ఆ గడువులో అయ్యేది అంతే. 2017లో బ్రిటన్ బ్యాంకు బార్‌క్లేస్ దక్షిణాఫ్రికా బ్యాంకు ఆబ్సాలో వాటా తగ్గించుకున్నప్పుడు, వ్యవస్థలు విడదీసుకోవడానికే 76.5 కోట్ల పౌండ్లు ఇచ్చింది. పని 2020 దాకా పట్టింది. కెన్యా, ఘనాల్లో బోర్డు మీద పేరు మారింది 2020 ఫిబ్రవరిలో. ఈ లెక్క యాజమాన్యం ముందు పెట్టండి, గడువు గురించి మీరు వాదించే అవసరం తగ్గుతుంది.

కావలి డీబీఏ:

పెన్నా అన్న వరస చెప్పాడు, నేను రెండో ప్రశ్న పట్టుకుంటా. చిక్కులు చాలా ఉన్నాయి. ఎక్కువ నష్టం చేసేవి ముందు.

దశాంశాలు. సీఎఫ్ఏ ఫ్రాంకుకు పైసలు లేవు, ఉగాండా షిల్లింగుకూ ర్వాండా ఫ్రాంకుకూ అంతే. నైరాకూ సెడీకీ రెండు స్థానాలు. గ్రూపులో ట్యునీషియా కూడా ఉంటే అక్కడ మూడు. కార్డు సందేశాల ఐఎస్ఓ 8583లో 4వ ఫీల్డు మొత్తం ఎంతో చెబుతుంది. 12 అంకెలు, చుక్క ఉండదు. 49వ ఫీల్డులో కరెన్సీ కోడు. ఇది చూడండి:

4వ ఫీల్డు: 000000015000
49వ ఫీల్డు: 952

952 అంటే పశ్చిమ సీఎఫ్ఏ, కాబట్టి ఇది 15,000 ఫ్రాంకులు. కొత్త కోర్‌లో కరెన్సీ టేబుల్ నింపినవాడు అలవాటుగా అన్నింటికీ 2 అని కొట్టేస్తే అదే సందేశం 150 అవుతుంది. ఏటీఎం 15,000 ఇస్తుంది, ఖాతాలో 150 తగ్గుతుంది. టెస్టులో దొరకదు, ఎందుకంటే టెస్టు రాసేవాళ్ళు డాలర్లతోనో రూపాయలతోనో రాస్తారు. ఒక్కో కరెన్సీలో ఒక్కో లావాదేవీ మొదటి రోజే నడిపించి చూడండి.

సున్నాలు కొట్టేసిన కరెన్సీలు. ఘనా 2007 జులైలో 10,000 పాత సెడీలను 1 చేసింది, కోడు 288 పోయి 936 వచ్చింది. జాంబియా 2013 జనవరిలో మూడు సున్నాలు తీసింది: 894 నుంచి 967. సియెర్రా లియోన్ 2022 జులైలో మూడు సున్నాలు: 694 నుంచి 925. పాత లావాదేవీల చరిత్రలో పాత కోడే ఉంటుంది. వాటిని కొత్త విలువకు మార్చి ఎక్కించాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మార్చిన రోజు నుంచి ఆ వరస అసలు వోచరుతో కలవదు. పాత కోడుతోనే ఆర్కైవులో ఉంచి, చూపించేటప్పుడు పక్కన కొత్త విలువ చూపండి.

ఖాతా నంబర్లు. నైజీరియాలో అన్ని బ్యాంకుల్లోనూ 10 అంకెల నంబరే, దాన్ని న్యూబాన్ అంటారు. 9 అంకెలు వరస సంఖ్య, పదోది సరిచూసే అంకె. లెక్క ఇట్లా: బ్యాంకు కోడు మూడంకెలు, వరస సంఖ్య తొమ్మిది, కలిపి 12. వాటిని వరసగా 3, 7, 3తో మళ్ళీ మళ్ళీ గుణించి కూడాలి. మొత్తంలో చివరి అంకెను 10లోంచి తీసేస్తే వచ్చేది పదో అంకె (10 వస్తే 0). బ్యాంకు కోడు 011, వరస 000001457 అనుకోండి. 7+3+3+12+35+21 = 81, కాబట్టి అంకె 9. నంబరు 0000014579. దీన్ని ఎవరో ఒకసారి ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారంటే 14579 మిగులుతుంది.

పేర్లు. ఫ్రెంచి దేశాల్లో అక్షరాల మీద గీతలుంటాయి. పాత డేటాబేసులో గీత ఉన్న అక్షరం ఒక బైటు, యూటీఎఫ్-8లో రెండు బైట్లు. కొత్త టేబుల్‌లో పేరుకు 35 అని పెట్టి అది అక్షరాలా బైట్లా చెప్పకపోతే ఒరాకిల్ బైట్లు అనుకుంటుంది. పొడుగు పేర్ల దగ్గర లోడ్ ఆగిపోతుంది. లేదా ఎవరో తెలివిగా తోక కత్తిరించి ఎక్కిస్తారు, ఆ పేరు తర్వాత ఆంక్షల జాబితా తనిఖీలో తప్పు జవాబు ఇస్తుంది. ఆగిపోవడమే నయం.

వడ్డీ. ఖాతాలో ఇంకా పడని, రోజురోజుకీ పోగవుతున్న వడ్డీని కనీసం ఆరు దశాంశాలతో తీసుకెళ్ళండి. పాత కోర్ రోజూ గుండ్రం చేస్తుందో నెలాఖరున చేస్తుందో ఒక్క ఖాతా తీసుకుని చేత్తో లెక్కవేసి చూడండి. డాక్యుమెంటులో రాసింది నమ్మొద్దు.

టాలీ మూడు అంతస్తుల్లో జరగాలి: జీఎల్ (జనరల్ లెడ్జర్, బ్యాంకు ప్రధాన పద్దు), బ్రాంచి, కరెన్సీ వారీ మొత్తాలు, ప్రోడక్టు వారీ ఖాతాల సంఖ్యా మొత్తమూ, ఆపైన ఖాతా ఖాతాకీ. తేడా సున్నా ఉండాలి. '0.01 శాతం పర్వాలేదు' అనే మాట మొదలైతే ఆ 0.01లోనే సస్పెన్సు ఖాతాల్లో (ఎటు చెందుతాయో తేలని మొత్తాలు ఉంచేవి) ఏళ్ళుగా దాచిన చెత్తంతా దూరుతుంది. ఒంగోలు పొగాకు వేలంలో బేళ్ళ లెక్క, తూకం, ధర మూడూ కలవనిదే బిల్లు రాదు గదా, ఇక్కడా అంతే.

ఇంకోటి. పాత లావాదేవీల చరిత్ర మొత్తం కొత్త కోర్‌కు మారే వారాంతంలోనే ఎక్కిద్దామని ప్లానులో ఉందేమో చూడండి. 60 కోట్ల వరసలు, నిమిషానికి లక్ష ఎక్కితే 6,000 నిమిషాలు, అంటే 100 గంటలు. మీ చేతిలో ఉండేది 48. చరిత్ర ముందు వారాల్లోనే ఎక్కించి, కటోవర్ (పాతది ఆపి కొత్తదానికి మారే) రాత్రి ఆ మధ్య పడినవి మాత్రమే ఎక్కించాలి.

చీమకుర్తి ఫైబర్:

మూడో ప్రశ్నకు జవాబు: ఒకే క్లౌడు పెట్టుకోండి, అభ్యంతరం లేదు. దాంట్లో ఏం పెడతారన్నదే అసలు సంగతి.

దూరం లెక్క వెయ్యండి. ఫైబర్‌లో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. లాగోస్ నుంచి జోహన్నెస్‌బర్గ్ గీత గీసినట్టు పోతే దాదాపు 4,500 కిలోమీటర్లు, పోయి రావడానికి 45 మిల్లీసెకన్లు. కేబుల్ గీత గీసినట్టు పోదు, తీరం చుట్టి పోతుంది. 60 అనుకుందాం. బ్రాంచి తెర ఒకటి తెరుచుకోవడానికి పాత ప్రోగ్రామ్ 200 సార్లు డేటాబేసును అడిగితే 12 సెకన్లు. అదే ప్రోగ్రామ్ పక్క గదిలో డేటాబేసు ఉన్నప్పుడు రెప్పపాటులో తెరుచుకునేది. 'క్లౌడు స్లో' అని తిడతారు, పాపం క్లౌడుది తప్పు లేదు. ప్రోగ్రామ్, డేటాబేసు ఎప్పుడూ ఒకేచోట ఉంచండి. దూరం దాటేది ఏపీఐ పిలుపు ఒక్కటే కావాలి.

పెద్ద క్లౌడు కంపెనీలు మూడింటి కేంద్రాలూ దక్షిణాఫ్రికాలోనే ఉన్నాయి: మైక్రోసాఫ్ట్‌ది జోహన్నెస్‌బర్గ్‌లో 2019, అమెజాన్‌ది కేప్‌టౌన్‌లో 2020, గూగుల్‌ది జోహన్నెస్‌బర్గ్‌లో 2024. లాగోస్ నుంచి కేప్‌టౌన్‌కూ లండన్‌కూ దూరం దాదాపు ఒకటే. అందుకే 'ఆఫ్రికాలోనే ఉంది కాబట్టి దగ్గర' అనుకోవడానికి లేదు.

కేబుళ్ళు. 2024 మార్చి 14న అబిజాన్ దగ్గర సముద్రం అడుగున వాక్స్, మెయిన్‌వన్, ఏస్, శాట్-3 నాలుగూ ఒకేరోజు దెబ్బతిన్నాయి. పశ్చిమాఫ్రికాలో చాలా దేశాల్లో బ్యాంకుల సేవలు కుంటుపడ్డాయి. రెండు వేర్వేరు కంపెనీల దగ్గర లైన్లు కొని రెండు దారులున్నాయని ధీమాగా ఉన్నవాళ్ళకు, ఆ రెండూ ఒకే లోయ మీదుగా పోతున్నాయని ఆరోజు తెలిసింది. 16వ నంబరు హైవే పక్కన రెండు కంపెనీల ఫైబర్ ఒకే గుంతలో ఉంటే ఒక్క జేసీబీ చాలు, అదే సంగతి. ఈక్వియానో కేబుల్ దారి వేరు, అది తెగలేదు. కాంట్రాక్టులో కంపెనీ పేరు కాదు, కేబుల్ పేరూ ఒడ్డుకు చేరే ఊరూ రాయించుకోండి.

అందువల్ల ప్రతి దేశంలోనూ ఒక చిన్న స్థానిక కేంద్రం మిగలాలి. లింకు పోయినా ఏటీఎం, స్థానిక క్లియరింగు, యూఎస్ఎస్‌డీ ఒక పరిమితి లోపల నడవాలి. మొత్తం తీసేసి ఖర్చు తగ్గించామనే ప్లాను కాగితం మీద అందంగా ఉంటుంది. కెన్యాలో ఎం-పెసా 2007లో మొదలై, సర్వర్లు జర్మనీలో ఉండగానే పెరిగింది, 2015లో వాటిని కెన్యాకు తెచ్చుకున్నారు. డేటా రక్షణ చట్టాలు కూడా చూసుకోండి: కెన్యాది 2019, నైజీరియాది 2023. దక్షిణాఫ్రికా పోపియా 2021 జులై నుంచి గట్టిగా అమలవుతోంది. ఏ దేశం డేటా ఏ గీత దాటొచ్చో దేశానికొక పేజీ లాయర్ సంతకంతో ఉండాలి.

డీఆర్ (విపత్తు వస్తే పని అందుకునే రెండో కేంద్రం) గురించి ఒక మాట. రెండు చోట్లా ఒకేసారి రాసే పద్ధతి 100 కిలోమీటర్ల లోపు అయితేనే హాయిగా నడుస్తుంది. కానీ దగ్గర పెడితే విపత్తూ ఒకటే అవుతుంది. ఒంగోల్లో ప్రైమరీ, కావలిలో డీఆర్ పెట్టామనుకోండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను రెండింటినీ ఒకే రోజు తడుపుతుంది. అందుకని దగ్గర్లో ఒకటి, వెయ్యి కిలోమీటర్ల అవతల కొంచెం వెనకబడి రాసేది ఇంకొకటి.

కరెంటు. దక్షిణాఫ్రికాలో లోడ్ షెడ్డింగు ముదిరిన రోజుల్లో తెలిసొచ్చింది ఇది: డేటా సెంటరుకు జనరేటర్ ఉంటుంది, దాని సంగతి పర్వాలేదు. సెల్ టవర్ల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీలు పూర్తిగా దిగాక మళ్ళీ నిండటానికి చాలా గంటలు కావాలి. రోజుకు మూడు విడతలు కోత పడితే మధ్యలో అంత సమయం దొరకదు. సర్వర్ బాగానే ఉంటుంది, పాస్ మెషీన్లు మూగపోతాయి. మీ డాష్‌బోర్డు మొత్తం పచ్చగా చూపిస్తుంటుంది.

ఆత్మకూరు బస్టాండ్:

అన్నలిద్దరికీ, కావలి వారికీ దండాలు. ఇంకొక ప్రశ్న. మొదటి దేశం కటోవర్‌కు శుక్రవారం రాత్రి నుంచి సోమవారం పొద్దున దాకా ఇచ్చారు. అది ఏ గంటకు ఏం చెయ్యాలి? వెనక్కి తిరిగే గీత ఎక్కడ పెట్టుకోవాలి?

సింగరాయకొండ నైట్ షిఫ్ట్:

తమ్ముడూ, లాగోస్ టైముకి నాలుగున్నర గంటలు కలిపితే మన టైము. మీ దేశం ఘనా అయితే ఐదున్నర, కెన్యా అయితే రెండున్నర. ముందు గోడ మీద రెండు గడియారాలు పెట్టండి. నవ్వబాకండి, రన్‌బుక్‌లో (ఏ గంటకు ఏం చెయ్యాలో రాసుకున్న కాగితం) ఒకడు ఆ ఊరి టైము, ఇంకొకడు మన టైము రాసి తన్నుకులాడేది ప్రతిచోటా ఉండాది.

లాగోస్ టైములో జెప్తా.

శుక్రవారం 6 గంటలు: బ్రాంచీలు మూసేసి క్యాష్ టాలీ. 8కి ఏటీఎం, పాస్ రెండింటినీ స్టాండ్-ఇన్ మీదికి తిప్పాల. అంటే కోర్‌ని అడక్కుండా స్విచ్చే ఒక పరిమితి దాకా డబ్బులిస్తది. ఆ పరిమితి ముందే తేల్చుకోండి, ఖాతాకు రోజుకు రెండు విత్‌డ్రాయల్స్ అనో, ఇంత మొత్తం అనో. యాప్‌లో బ్యాలెన్సు మాత్రం నకలు నుంచి చూపించొచ్చు, 'శుక్రవారం రాత్రి 8 నాటిది' అని కింద రాసి.

10కి పాత కోర్‌లో రోజు ముగింపు. ఇది ఎప్పుడూ రెండు గంటల్లో అయిపోతదని చెప్తారు, ఆరోజు మాత్రం నాలుగు తీసుకుంటది. ప్లానులోనే నాలుగు రాయండి. అయినాక పాతదాన్ని చదవడానికి మాత్రమే ఉంచి రాయడం ఆపాల. అక్కడినుంచి డెల్టా (ముందు ఎక్కించినదాని తర్వాత పడ్డవి) తీసి ఎక్కించడం, కావలి ఆయన చెప్పిన మూడంతస్తుల టాలీ. శనివారం మధ్యాహ్నం 2కి అది సున్నా తేడాతో తేలాల. తేలకపోతే 6 దాకా ఆగి, అప్పటికీ తేలకపోతే వెనక్కి. ఆ మాట చెప్పే మనిషి ఒక్కడే ఉండాల, వాడి పేరు కాగితం మీద రాసుండాల. కమిటీ అయితే తెల్లారిపోతది.

గీత ఎక్కడంటే, కొత్త కోర్‌లో బయటి కస్టమర్ లావాదేవీ మొదటిది పడిన క్షణం. అంతకుముందు దాకా వెనక్కి రావడమంటే స్విచ్ దారి మళ్ళించడమే, పదిహేను నిమిషాల పని. ఆ తర్వాత కొత్తదాంట్లో పడ్డవి తిరిగి పాతదాంట్లోకి రాయాల. ఆ ఉల్టా దారి ముందే కట్టి పరీక్ష చేసుండకపోతే వెనక్కి రావడం అనేది లేనట్టే. అందుకే శనివారం రాత్రి స్టాఫ్ ఖాతాలతో మాత్రమే నడిపించి, ఆదివారం పొద్దున జనానికి తెరవండి.

స్టాండ్-ఇన్‌లో ఇచ్చినవి తర్వాత కొత్త కోర్‌కు పంపేటప్పుడు ఒకటి పట్టుకుంటది. శుక్రవారం 7:55కి ఏటీఎం విత్‌డ్రాయల్ పాత కోర్‌లో పడింది. నోట్లు బయటికి రాలేదు. రివర్సల్, అదే 0420 సందేశం, ఆదివారం కొత్త కోర్‌కు వచ్చింది. అది 'అసలు లావాదేవీ నా దగ్గర లేదే' అని తిప్పి కొడతది. కస్టమర్ డబ్బు గాల్లో. కనీసం 7 రోజుల లావాదేవీలు రిఫరెన్సు నంబరుతో సహా కొత్తదాంట్లో ముందే ఎక్కించుండాల.

జనం మర్చిపోయేవి ఇంకా ఉండాయి. ఆపమని రాసిచ్చిన చెక్కులు, ఖాతా మీద కోర్టు పెట్టిన హోల్డులు. ఇవి బ్యాలెన్సులో కనపడవు, టాలీ సున్నా వచ్చినా రాకుండా ఉండిపోతాయి. ఆ వారాంతంలో పోవాల్సిన స్టాండింగ్ ఆర్డర్లు (తేదీకి వాటంతటవే పోయే చెల్లింపులు) అయితే రెండుసార్లు పోతాయి, లేకుంటే అసలు పోవు. టెల్లర్ల లిమిట్లు కొత్త కోర్‌లో సున్నాతో పుడతాయి. సోమవారం 8కి బ్రాంచి తెరిస్తే ఒక్కడూ వంద కూడా ఇవ్వలేడు, బయట క్యూ.

సోమవారం ఇంకోటి. మార్చారని తెలిసిన ప్రతివాడూ బ్యాలెన్సు చూసుకుంటాడు. మామూలు రోజుకు నాలుగైదు రెట్లకు పరీక్ష చేసుకోండి, రెండు డేటా సెంటర్లలోనూ. బ్రిటన్‌లో టీఎస్‌బీ 2018 ఏప్రిల్‌లో మార్చినప్పుడు భారం పరీక్ష రెండింట్లో ఒకదాని మీదే చేశారు. 19 లక్షల మంది ఖాతా తెరుచుకోలేక పోయారు. 2022 డిసెంబరులో 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది.

జీతాల రోజుల్లో, నెలాఖరులో పెట్టబాకండి. గ్రూపులో ఈజిప్టు ఉంటే అక్కడ బ్యాంకుల సెలవు శుక్ర, శనివారాలు. ఇదే కాగితం అట్టే పంపితే వాళ్ళ ఆదివారం పనిదినంలో చేస్తారు.

ఒంగోలు ఆడిట్:

అందరూ యంత్రాల సంగతి చెప్పారు, డబ్బు సంగతి నేను చెబుతాను. పెన్నా గట్టు గారితో ఒకచోట తేడా కూడా ఉంది.

లైసెన్సు ఫీజు డాలర్లలో కడతారు, ఆదాయం స్థానిక కరెన్సీలో వస్తుంది. 2023 జూన్‌కు ముందు డాలరుకు 460 దాకా ఉన్న నైరా 2024లో 1,500 దాటింది. అదే కాంట్రాక్టు, అదే ఫీజు, నైజీరియా యూనిట్ పుస్తకాల్లో మూడు రెట్లు. 2024లో నైజీరియాలో పెద్ద బ్యాంకులు కొన్ని ఒకదాని వెనక ఒకటి కోర్ మార్చాయి: జీటీబ్యాంక్ ఫినాకిల్‌కు, జెనిత్ ఫ్లెక్స్‌క్యూబ్‌కు, స్టెర్లింగ్ స్థానికంగా తయారైనదానికి. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో ఖాతాదారులు రోజుల తరబడి ఇబ్బంది పడ్డారు. ఖాతాకు ఇంత అని కట్టే లైసెన్సు అయితే ఏళ్ళుగా కదలని ఖాతాలను ఏరేశాకే సంతకం చెయ్యండి. మూలనపడ్డ ఖాతాలకు కూడా డాలర్లు కట్టేది ఎందుకు?

పెన్నా గారూ, మీరు అందరూ ఒకే కోర్ మీదికి రావడాన్ని ప్రశ్నించలేదు. నేనైతే ఒకే సాఫ్ట్‌వేర్ అంటాను, ఒకే ఇన్‌స్టలేషన్ అనను. కేప్ వెర్డీ నుంచి మారిషస్ దాకా 5 గంటల తేడా. ఒకే ఇన్‌స్టలేషన్ అయితే ఒకరి రోజు ముగింపు ఇంకొకరి ఉదయపు రద్దీ మీద పడుతుంది. ఒక దేశపు సెంట్రల్ బ్యాంకు రూల్ మార్చిందని ప్యాచ్ వేస్తే 20 దేశాలూ మళ్ళీ టెస్టు చెయ్యాలి. నాలుగు గుంపులు చాలు: పశ్చిమ సీఎఫ్ఏ, మధ్య సీఎఫ్ఏ, నైజీరియా విడిగా, ఇంగ్లీషు మాట్లాడే మిగతావి. ఏ గుంపుకు ఆ గుంపు అప్‌గ్రేడ్ తేదీ.

ఇంకొకటి. విదేశీ చెల్లింపుల స్విఫ్ట్ సందేశాల్లో పాత ఎంటీ 103 రూపం బదులు కొత్త పాక్స్.008 రూపం రావడం 2025 నవంబరు 22తో తప్పనిసరి అయింది. పాత కోర్ పాత రూపంలోనే మాట్లాడుతూ మధ్యలో అనువాదకుడిని పెట్టి నెట్టుకొస్తుంటే, చిరునామాల వివరాలు అక్కడ తెగిపోతున్నాయేమో చూసుకోండి. అవి తెగితే అవతలి బ్యాంకు చెల్లింపు ఆపేస్తుంది.

పెన్నా గట్టు:

అక్కా, నాలుగు గుంపుల మాట ఒప్పుకుంటున్నా. కాకపోతే ప్రోడక్టు కోడ్లు, జీఎల్ చార్టు మాత్రం గ్రూపు మొత్తానికీ ఒకటే ఉండాలి. అవి కూడా గుంపుకొకటైతే ఐదేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే ప్రశ్న ఇక్కడ పడుతుంది.

ఆత్మకూరు బస్టాండ్:

కావలి గారూ, మీరు భయపెట్టింది నిజమే అయింది. నైజీరియా టెస్టు లోడ్‌లో 10 అంకెల కంటే తక్కువున్న ఖాతా నంబర్లు దొరికాయి. ఎడమపక్క సున్నాలు పేర్చి దిద్దేస్తే సరిపోతుందా, లేక ఫైలు మళ్ళీ అడగాలా? కార్డుల ఫైలు కూడా అదే మనిషి దగ్గరనుంచి వచ్చింది.

కావలి డీబీఏ:

ఖాతా నంబర్లకు: 10 అంకెలు వచ్చేదాకా ఎడమన సున్నాలు పేర్చండి. ఆ వెంటనే పైన చెప్పిన 3, 7, 3 లెక్క ప్రతి నంబరు మీదా నడిపించండి. పదో అంకె కలిసినవి ఉంచుకోవచ్చు. కలవనివాటిలో సున్నాలు పోవడం కాకుండా ఇంకేదో తప్పు ఉంది, వాటిని పక్కన పెట్టండి. లెక్క కలిసినా పాత కోర్‌లో ఆ నంబరు నిజంగా ఉందో లేదో, పేరు అదేనో కాదో కూడా చూడండి. మొత్తం సంఖ్యలు రెండువైపులా కలవాలి.

కార్డుల ఫైలు సంగతి వేరు. ఎక్సెల్ 15 అంకెల దాకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల కార్డు నంబరును అంకెగా తెరిచి సేవ్ చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. చివరన అన్నీ 0తో ముగుస్తుంటే అదే జరిగింది. దాన్ని దిద్దడానికి కూర్చోవద్దు, కార్డు సిస్టమ్ నుంచి నేరుగా మళ్ళీ తీయించండి. మధ్యలో ఎవరూ తెరవకుండా టెక్స్ట్ ఫైలుగా, వరసల సంఖ్యతో, చెక్‌సమ్‌తో (ఫైలు మారలేదని తేల్చే సంఖ్య) రావాలి. అయినా పూర్తి కార్డు నంబర్లు ఒక మనిషి ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్‌గా ఉన్నాయంటే పీసీఐ (కార్డు డేటా భద్రత) నిబంధనల ప్రకారం అదొక పెద్ద గొడవ. దిద్దుబాటు తర్వాత, ముందు ఆ ఫైలు ఎవరెవరికి మెయిల్‌లో పోయిందో కనుక్కోండి.